కంపెనీ కార్డుకి కళ్ళెం: ఏపీఐతో ఖర్చుల అదుపు

మీలో చాలామంది జేబులో కంపెనీ ఇచ్చిన కార్డు ఒకటి ఉండే ఉంటుంది. క్లయింటు ఊరికి వెళ్ళినప్పుడు హోటలుకీ, అద్దె కారుకీ, పెట్రోలుకీ, భోజనానికీ అదే గీకుతాం. మిగతావాళ్ళు ఆ కార్డుల వెనక నడిచే సాఫ్ట్‌వేర్‌ని రాస్తూనో, దాంతో తిప్పలు పడుతూనో ఉంటారు. నేను రెండో జాబితాలోని వాణ్ణి. ఉద్యోగుల ఖర్చుల లెక్క చూసే సాఫ్ట్‌వేర్‌లో, కార్డుల మీద పరిమితులు పెట్టే భాగం నా పని. "అందులో ఏముంది, ఒక అంకె పంపితే లిమిట్ మారిపోతుంది కదా" అని మిత్రులు తరచూ అంటుంటారు. అంకె పంపడం నిజంగానే తేలిక. ఆ అంకెకి అర్థం ఏమిటి, అది ఎప్పుడు పనిచేస్తుంది, ఎప్పుడు పనిచెయ్యదు అన్నదాంట్లోనే ఉంది అసలు కథంతా. ఈ వ్యాసంలో ఆ సంగతి వివరంగా చూద్దాం.

చిల్లరకొట్టు ఖాతా

కార్డులూ కంప్యూటర్లూ రాకముందు మన ఊళ్ళలో ఇలాంటి ఏర్పాటే ఒకటుండేది. వీధి చివర కొట్లో ఇంటి పేరు మీద ఖాతా పుస్తకం. నాన్నగారు కొట్టాయనతో ముందే చెప్పి ఉంచేవారు: "మావాడొస్తే పప్పూ ఉప్పూ ఇవ్వు. బిస్కెట్లు, చాక్లెట్లు అడిగితే మాత్రం ఇవ్వకు. నెలకి ఇంత దాటితే నాకో మాట చెప్పు." పిల్లవాడి చేతికి డబ్బివ్వకుండానే సరుకులు ఇంటికొచ్చేవి, ఖర్చు అదుపులో ఉండేది.

కంపెనీ కార్డు మీద స్పెండింగ్ కంట్రోల్స్ అంటే ఇదే. డబ్బు కంపెనీది, గీకేది ఉద్యోగి. ఎక్కడ గీకవచ్చు, ఎంత గీకవచ్చు, ఎంత కాలానికి ఎంత అన్నది ముందే చెప్పి ఉంచుతాం. కార్డు ఇచ్చే సంస్థ ప్రతి లావాదేవీ దగ్గరా ఆ మాట ప్రకారం ఔననో కాదనో అంటుంది. అయితే పోలికలో ఒక పెద్ద తేడా ఉంది, దాన్ని ఇప్పుడే గుర్తుపెట్టుకోవాలి. కొట్టాయనకి పిల్లవాడు ఏ సరుకు అడిగాడో తెలుసు. కార్డు వ్యవస్థకి అది తెలియదు. ఏ రకం కొట్టు, ఎంత మొత్తం అన్నంతవరకే తెలుస్తుంది. ఈ తేడా లోంచే సగం చిక్కులు పుడతాయి.

ఇదే ఆలోచన ఇండియాలో మరో రూపంలో ఉంది. 2020 జనవరిలో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశంతో, ఆన్‌లైన్ వాడకం, విదేశీ వాడకం, కాంటాక్ట్‌లెస్ వాడకం వంటి వాటిని కార్డుదారుడే ఆపుకోవడం, తెరుచుకోవడం, పరిమితి పెట్టుకోవడం బ్యాంకులు కల్పించాల్సి వచ్చింది. హైదరాబాదులో మీ అమ్మానాన్నల ఫోన్లోని బ్యాంకు యాప్‌లో ఈ మీటలు చూసే ఉంటారు. అక్కడ తన కార్డుకి తానే పగ్గం వేసుకుంటాడు. కంపెనీ కార్డు విషయంలో పగ్గం ఒకరి చేతిలో, కార్డు ఇంకొకరి చేతిలో ఉంటాయి.

గీకిన క్షణంలో ఏం జరుగుతుంది?

ముందుగా దారి తెలియాలి. కార్డు గీకగానే కొట్లోని యంత్రం ఆ వివరాలని తన బ్యాంకుకి (అక్వైరర్) పంపుతుంది. అది వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి నెట్‌వర్క్‌కి, నెట్‌వర్క్ కార్డు ఇచ్చిన సంస్థకి (ఇష్యూయర్) అందిస్తుంది. ఈ సందేశాల భాష ఐఎస్ఓ 8583 అనే ప్రమాణం. దాని మొదటి కూర్పు 1987 నాటిది. మనం రెస్ట్, జేసన్ అంటూ ఎన్ని కొత్త మాటలు చెప్పినా అడుగున ప్రవహించేది ఇప్పటికీ ఎక్కువగా అదే. "ఈ ఖర్చుకి అనుమతి ఉందా?" అని అడిగే సందేశం నంబరు 0100, జవాబు 0110. ప్రశ్నలో 4వ గడి మొత్తం, 18వ గడి వ్యాపారం రకం. జవాబులో 39వ గడి తీర్పు: 00 అంటే సరే, 51 అంటే డబ్బు చాలదు, 61 అంటే పరిమితి దాటింది, 05 అంటే కారణం చెప్పకుండా కాదనడం.

స్ట్రైప్, మార్కెటా లాంటి సంస్థలు చేసిన మేలేమిటంటే, ఈ పాత భాషని మనకి కనబడకుండా దాచి, ఆధునికమైన ఏపీఐ ఒకటి పైన కట్టాయి. ఒకప్పుడు బ్యాంకుకి ఫారం నింపి పంపి రోజుల తరబడి ఎదురుచూసిన మార్పుని ఇప్పుడు ఒక హెచ్‌టీటీపీ పిలుపుతో చేసుకోవచ్చు.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఇలా అనుమతి ఇవ్వడం (ఆథరైజేషన్) వేరు, అసలు డబ్బు చేతులు మారడం (క్లియరింగ్) వేరు. మొదటిది మాట ఇవ్వడం, రెండోది మాట చెల్లించడం. మధ్యలో కొన్ని గంటలో రోజులో గడవచ్చు. మన పగ్గాలన్నీ పనిచేసేది మొదటి దశలోనే.

నాలుగు రకాల పగ్గాలు

సంస్థని బట్టి పేర్లు మారుతాయి గాని, మౌలికంగా ఉన్నవి నాలుగు రకాలు.

ఒకటి, మొత్తం మీద పరిమితి. స్ట్రైప్ ఇష్యూయింగ్‌లో దీన్ని స్పెండింగ్ లిమిట్స్ అంటారు. ప్రతి పరిమితికీ ఒక మొత్తం, ఒక కాలం ఉంటాయి: లావాదేవీకి, రోజుకి, వారానికి, నెలకి, ఏడాదికి, లేదా కార్డు జీవితకాలానికి. మార్కెటాలో ఇదే వెలాసిటీ కంట్రోల్. అక్కడ ఎన్ని డాలర్లు అన్నదే కాకుండా ఎన్నిసార్లు అని కూడా పెట్టవచ్చు.

రెండు, వ్యాపారం రకం. ప్రతి దుకాణానికీ నాలుగంకెల మర్చంట్ కేటగిరీ కోడ్ ఉంటుంది. 5812 రెస్టారెంటు, 5813 బారు, 5411 సరుకుల దుకాణం, 5542 కార్డు గీకి మనమే పట్టుకునే పెట్రోలు పంపు, 4121 ట్యాక్సీ, 7995 జూదం. వీటిలో కొన్నింటికే అనుమతి ఇవ్వవచ్చు, లేదా కొన్నింటిని నిషేధించవచ్చు. స్ట్రైప్‌లో ఈ రెండు జాబితాలనీ ఒకే కార్డు మీద కలిపి పెట్టనివ్వరు, ఏదో ఒకటే ఎంచుకోవాలి. అదీ మంచిదే. రెండూ ఉంటే ఏది గెలుస్తుందో తేల్చుకోవడానికి మరో వ్యాసం రాయాల్సి వచ్చేది.

మూడు, దేశం. నాలుగు, ఫలానా వ్యాపారి. ఒక్క విక్రేతకే పనికొచ్చే వర్చువల్ కార్డు తయారుచేసి, నెలకి ఇంత అని కట్టడి చెయ్యడం సాఫ్ట్‌వేర్ చందాలకి బాగా పనికొస్తుంది. ఆ నంబరు ఎవరైనా దొంగిలించినా ఇంకోచోట చెల్లదు.

వినడానికి చక్కగా ఉన్నాయి. ఇప్పుడు వీటి లోగుట్టు చూద్దాం.

కేటగిరీ కోడ్ దుకాణానిది, సరుకుది కాదు. దాన్ని నిర్ణయించేది ఆ దుకాణపు బ్యాంకు. పెద్ద సూపర్‌మార్కెట్‌లో బియ్యం కొన్నా వైన్ కొన్నా కోడు 5411 అనే వస్తుంది. కాబట్టి "మద్యం వద్దు" అన్న కంపెనీ నియమాన్ని 5813ని నిషేధించి అమలు చేశామనుకోవడం భ్రమ. తిరగేసి చూస్తే, హోటల్లో ఉన్న రెస్టారెంటు బిల్లు 7011 (బస) కింద రావచ్చు. భోజనానికి మాత్రమే అనుమతి ఉన్న ఉద్యోగి అక్కడ పస్తు ఉండాలి.

దేశం సంగతీ అంతే. ఉద్యోగి కూర్చున్న దేశం కాదు, వ్యాపారి నమోదైన దేశం లెక్క. అమెరికాలో కూర్చుని ఆన్‌లైన్లో ఒక సేవ కొంటే, బిల్లు ఐర్లండ్ నుంచి రావచ్చు. "అమెరికా మాత్రమే" అని పెట్టిన కార్డు అక్కడ ఆగిపోతుంది.

రోజు ఎప్పుడు మొదలవుతుంది?

విదేశాల్లో ఉన్న మనవాళ్ళకి బాగా తెలియాల్సిన చిక్కు ఇది. "రోజుకి 200 డాలర్లు" అన్నాం. రోజంటే ఎక్కడి రోజు? స్ట్రైప్‌లో రోజువారీ పరిమితి యూటీసీ అర్ధరాత్రికి మొదలవుతుంది. శాన్ హోసేలో అది వేసవిలో సాయంత్రం 5 గంటలు, శీతాకాలంలో 4 గంటలు. దుబాయిలో తెల్లవారుజాము 4. కౌలాలంపూర్‌లో ఉదయం 8. హైదరాబాదులో ఉదయం 5:30.

దీని పర్యవసానం చూడండి. శాన్ హోసే ఉద్యోగి వేసవిలో మధ్యాహ్నం 200 డాలర్లు ఖర్చు పెట్టి, సాయంత్రం 5 దాటాక మరో 200 పెట్టవచ్చు. ఆయన క్యాలెండరు ప్రకారం ఒకే రోజులో 400. ఇంకో ఉద్యోగి సాయంత్రం క్లయింటుతో 150 డాలర్ల భోజనం చేసి, మర్నాడు మధ్యాహ్నం 60 డాలర్ల కార్ట్రిడ్జి కొనబోతే కార్డు ఆగిపోతుంది. "నిన్నటి ఖర్చు నిన్నటిది కదా" అని ఆయన అడిగితే జవాబు చెప్పలేని పరిస్థితి. అందుకని రోజువారీ పరిమితిని కచ్చితమైన నియమంగా కాక, నష్టం హద్దు దాటకుండా ఆపే కంచెగా మాత్రమే చూడాలి. "ఉద్యోగి రోజు" ప్రకారమే లెక్క కావాలంటే ఆ లెక్క మన సాఫ్ట్‌వేర్లో మనమే కట్టుకోవాలి. ఎలాగో కింద చెబుతాను.

కరెన్సీ చిక్కు కూడా ఒకటుంది. ఏపీఐలు సాధారణంగా మొత్తాన్ని అతి చిన్న నాణెంలో అడుగుతాయి. 200 డాలర్లు అంటే 20000 సెంట్లు. దాంతో ఎవరో ఒకరు కోడులో "100తో గుణించు" అని రాసేస్తారు. డాలరుకీ, దిర్హాముకీ, రింగిట్‌కీ అది సరిపోతుంది. కానీ కువైట్ దినారు, బహ్రెయిన్ దినారు, ఒమన్ రియాల్‌లలో ఒకటికి వెయ్యి భాగాలు. 50 దినార్ల పరిమితిని 100తో గుణించి 5000 అని పంపితే, అది 5 దినార్లే. ఉద్యోగికి టీ బిస్కెట్లు దాటి ఏమీ రాదు. జపాన్ యెన్‌కి చిల్లర లేదు. 5000 యెన్లని గుణిస్తే 5 లక్షల యెన్ల పరిమితి అవుతుంది. ఐఎస్ఓ 4217 పట్టికలో ప్రతి కరెన్సీకీ ఎన్ని దశాంశ స్థానాలో రాసి ఉంటుంది. గుణకం కోడులో కాదు, ఆ పట్టికలోంచి రావాలి.

పరిమితి మీరు పెట్టకపోతే ఏమవుతుందన్నది కూడా తెలుసుకోవాలి. స్ట్రైప్‌లో మీరేమీ చెప్పకపోతే కొత్త కార్డుకి రోజుకి 500 డాలర్ల పరిమితి తనంతట తానే వస్తుంది. ఇతర సంస్థల్లో వేరుగా ఉంటుంది. "ఖాళీగా వదిలేస్తే అర్థం ఏమిటి?" అన్నది ఏ ఏపీఐ వాడబోయే ముందైనా అడగవలసిన మొదటి ప్రశ్న.

హోల్డులు, టిప్పులు

అనుమతి మొత్తం, అసలు ఖర్చు ఒకటే అని అనుకుంటే పప్పులో కాలేసినట్టే.

పెట్రోలు పంపునే తీసుకోండి. ఎంత పడుతుందో పంపుకి ముందు తెలియదు. అందుకని కార్డు పెట్టగానే ఒక అంచనా మొత్తానికి అనుమతి అడుగుతుంది. కొన్నిచోట్ల అది 1 డాలరు, కొన్నిచోట్ల చాలా ఎక్కువ. అమెరికాలో వీసా, మాస్టర్‌కార్డ్ ఈ పైహద్దుని 2022లో 125 నుంచి 175 డాలర్లకి పెంచాయి. రోజుకి 200 పరిమితి ఉన్న ఉద్యోగి 42 డాలర్ల పెట్రోలు పట్టాడనుకుందాం. పంపు 175 అడిగి ఉంటే, అసలు మొత్తం తేలేదాకా పరిమితిలో మిగిలింది 25 మాత్రమే. అది నిమిషాల్లో తేలవచ్చు, ఒకటి రెండు రోజులూ పట్టవచ్చు. ఈలోగా 30 డాలర్ల భోజనం చెల్లదు.

రెస్టారెంటుది దీనికి తలకిందులు. బిల్లు 80 డాలర్లకి అనుమతి అడుగుతారు. ఆ తరవాత కాగితం మీద 16 డాలర్ల టిప్పు రాస్తాం. క్లియరింగ్‌లో 96 వస్తుంది. లావాదేవీకి 85 అని మీరు పెట్టిన పరిమితిని ఇది దాటింది గాని, అనుమతి ఎప్పుడో ఇచ్చేశాం కాబట్టి ఆపలేం. విమానంలో ఆకాశంలో అమ్మే తినుబండారాల్లాంటివి కొన్నిసార్లు అసలు ముందస్తు అనుమతే లేకుండా నేరుగా క్లియరింగ్‌కి వస్తాయి. అక్కడా పగ్గం పనిచెయ్యదు. వ్యాపారి తప్పు ఉంటే డిస్ప్యూట్ చెయ్యడమే దారి.

ఇక హోటలు. నా మిత్రుడు పనిచేసే కంపెనీలో జరిగిన సంగతి ఇది. ఇండియా నుంచి వచ్చి నెల కూడా కాని అబ్బాయిని మొదటిసారి క్లయింటు దగ్గరికి పంపారు. గది రోజుకి 119 డాలర్లు, రెండు రాత్రులు. పన్నుతో కలిపి సుమారు 270. కార్డుకి లావాదేవీకి 300 పరిమితి, అంతా సరిపోయింది అనుకున్నారు. రాత్రి పదకొండింటికి చెక్-ఇన్ దగ్గర హోటలు మామూలుగా వేసే హోల్డు, రోజుకి 50 చొప్పున మరో 100 కలిపి 370 అడిగింది. కార్డు చెల్లలేదు. మళ్ళీ గీకారు, మళ్ళీ చెల్లలేదు. సొంత క్రెడిట్ కార్డు అతనికి ఇంకా రాలేదు, వచ్చి నెల కాలేదు కాబట్టి క్రెడిట్ చరిత్రే లేదు. డెస్కు దగ్గరున్న మనిషికి తెర మీద కనబడేది "డిక్లైన్‌డ్" అన్న ఒక్క మాటే. ఆ అబ్బాయి తన బ్యాంకు ఖాతాలో డబ్బు లేదేమో, తన వీసా కాగితాల్లో ఏదైనా తేడా ఉందేమో అని కూడా భయపడ్డాడట. చివరికి అదే ఊళ్ళో ఉన్న దూరపు బంధువు ఒకరు వచ్చి తన కార్డు ఇచ్చారు.

ఆ 300 అంకెని పెట్టినవాళ్ళు చెడ్డవాళ్ళేమీ కాదు. గది అద్దెని లెక్కేశారు గాని, అనుమతి మొత్తాన్ని లెక్కెయ్యలేదు. అప్పట్నించీ నేను ఏ పరిమితిని సమీక్షించినా మొదట అడిగేది "అనుకున్న ఖర్చు ఎంత?" అని కాదు, "ఈ రకం వ్యాపారి ఎంతకి అనుమతి అడుగుతాడు?" అని. హోటలు, అద్దె కారు, పెట్రోలు – ఈ మూడింటికీ విడిగా, ఉదారంగా పరిమితి పెట్టాలి. స్ట్రైప్‌లో ఒక్కో పరిమితినీ కొన్ని కేటగిరీలకే వర్తించేట్టు పెట్టవచ్చు కాబట్టి ఇది కష్టమేమీ కాదు.

తీర్పు మనమే చెప్పాలంటే

ముందే చెప్పి ఉంచే నియమాలు చాలని చోట, ప్రతి లావాదేవీ గురించీ మన సర్వర్నే అడిగే ఏర్పాటు ఉంది. స్ట్రైప్‌లో ఇది ఆథరైజేషన్ రిక్వెస్ట్ అనే వెబ్‌హుక్. ఉద్యోగి అక్కడ కార్డు గీకి నిలబడి ఉండగా, ఇక్కడ మన సర్వరుకి ప్రశ్న వస్తుంది. 2 సెకన్లలో ఔననో కాదనో చెప్పాలి. చెప్పకపోతే మనం ముందే ఎంచుకున్న సెట్టింగు ప్రకారం ఆమోదమో తిరస్కారమో తనంతట జరిగిపోతుంది.

"ఉద్యోగి ఊరి కాలమానం ప్రకారం రోజు", "సెలవులో ఉన్నప్పుడు వద్దు", "ఆమోదం పొందిన ప్రయాణం తేదీల్లో మాత్రమే" లాంటి నియమాలన్నీ ఇక్కడ రాసుకోవచ్చు. ఒక క్రమం గుర్తుంచుకోవాలి. కార్డు మీద ఉన్న స్థిర నియమాలు ముందు చూస్తారు. అక్కడే ఆగిపోయిన లావాదేవీ మన సర్వరుదాకా రాదు. కాబట్టి మన కోడు స్థిర నియమాలని బిగించగలదు గాని సడలించలేదు. స్థిర నియమాలు వదులుగా, కోడు బిగుతుగా ఉండాలి.

ఆ 2 సెకన్లలో ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు?

1. సందేశం నిజంగా ఆ సంస్థ నుంచే వచ్చిందా అని సంతకం సరిచూడాలి. లేకపోతే దారిన పోయేవాడెవడైనా మన సర్వరుని ప్రశ్నలడగవచ్చు.

2. నిర్ణయానికి కావలసినదంతా ముందే దగ్గర పెట్టుకోవాలి. ఆ సమయంలో హెచ్ఆర్ వ్యవస్థనీ, క్యాలెండర్‌నీ, మరో మూడు సర్వర్లనీ అడుగుతూ కూర్చోకూడదు. వాటిలో ఒకటి నిద్రపోతే కౌంటరు దగ్గర మన ఉద్యోగి నిలబడిపోతాడు.

3. ఒకే కార్డు మీద రెండు లావాదేవీలు ఒకేసారి రావచ్చు. రెండూ "ఇంకా 100 మిగిలింది" అని చదివి, రెండూ 80కి ఔనంటే 160 అయింది. మిగులు చూడటం, తగ్గించడం ఒకే డేటాబేస్ ట్రాన్సాక్షన్లో జరగాలి. సంస్థలు స్వయంగా లెక్కించే మొత్తాలకి కూడా కొంచెం ఆలస్యం ఉండవచ్చు కాబట్టి, పరిమితి అంటే అణువంత కూడా దాటనిది అనుకోకూడదు.

4. సమయం మించితే ఔనా, కాదా అన్నది ఇంజనీర్ ఒక్కడూ తేల్చేది కాదు. స్థిర పరిమితులు సరిగ్గా ఉన్నప్పుడు, నా ఓటు ఔనకే. మన సర్వరు పడిపోతే కంపెనీకి నష్టం కొద్ది వందల డాలర్లు. కాదంటే, ఆ సమయంలో ఊళ్ళు తిరుగుతున్న ప్రతి ఉద్యోగీ నడిరోడ్డు మీద ఉంటాడు. జూదం, నగదు తీసుకోవడం లాంటివి ఎలాగూ స్థిర నియమాల్లోనే ఆగిపోతాయి.

ఏపీఐ పిలుపుల్లో జాగ్రత్తలు

నియమాల అసలు ప్రతి మన డేటాబేస్‌లో ఉండాలి, కార్డు సంస్థ దగ్గర ఉన్నది దానికి నకలు కావాలి. చాలా ఏపీఐల్లో పరిమితుల జాబితాని పంపితే అది పాతదానికి కలవదు, పాతదాన్ని తీసేసి మొత్తం కొత్తది పెడుతుంది. ఒక మేనేజరు పెట్రోలు పరిమితి పెంచుతున్న క్షణంలోనే ఇంకొకరు భోజనం పరిమితి పెంచితే, తరవాత వచ్చిన పిలుపు మొదటిదాన్ని చెరిపేస్తుంది. మన దగ్గర ఒక వెర్షన్ నంబరు ఉంచి, ప్రతిసారీ పూర్తి జాబితాని వరసలో పంపితే ఈ గొడవ ఉండదు. రోజుకొకసారి రెండు వైపులా పోల్చి చూసే చిన్న ప్రోగ్రాము రాసుకుంటే ఇంకా మంచిది.

కార్డు సృష్టించే పిలుపుకి జవాబు రాకముందే నెట్‌వర్క్ తెగితే, మళ్ళీ పిలవాలి. అప్పుడు రెండు కార్డులు పుట్టకుండా ప్రతి పిలుపుకీ ఒక ఐడెంపొటెన్సీ కీ జతచెయ్యాలి.

"ఈ వారానికి మాత్రం పెంచండి" అన్న కోరిక తరచూ వస్తుంది. పెంచడం అందరికీ గుర్తుంటుంది, తగ్గించడం ఎవరికీ గుర్తుండదు. ముగింపు తేదీ లేని తాత్కాలిక పెంపుని వ్యవస్థ అసలు ఒప్పుకోకూడదు. అలాగే పరిమితి కోరేవారు, ఆమోదించేవారు ఒక్కరే కాకూడదు. మన బ్యాంకుల్లో పనిచేసినవారికి ఈ మేకర్-చెకర్ పద్ధతి కొత్త కాదు. ఎవరు, ఎప్పుడు, ఎంత నుంచి ఎంతకి, ఎందుకు మార్చారన్నది చెరపడానికి వీల్లేని పద్దులో ఉండాలి.

కార్డుని ఆపడంలో కూడా రెండు రకాలున్నాయి. స్ట్రైప్‌లో ఇనాక్టివ్ చేస్తే మళ్ళీ తెరవవచ్చు, క్యాన్సిల్ చేస్తే ఇక తిరిగి రాదు. తెర మీద ఈ రెండు బొత్తాలనీ పక్కపక్కన పెట్టకండి. పదహారంకెల నంబరు మాత్రం మీ సర్వరుదాకా రానివ్వకండి. అది వస్తే పీసీఐ నిబంధనల భారం అంతా మీ నెత్తిన పడుతుంది. నంబరు చూపించే పని కార్డు సంస్థ ఇచ్చే తెర ముక్కకే వదిలెయ్యాలి.

కాదన్నప్పుడు ఏం చెప్పాలి?

నా దృష్టిలో మొత్తం వ్యవస్థలో ఎక్కువ విలువైనది, తక్కువమంది పట్టించుకునేది ఇదే. కొట్లోని యంత్రం కారణం చెప్పదు. మనకి మాత్రం కారణం తెలుసు. స్ట్రైప్‌లో ప్రతి అనుమతి చరిత్రలోనూ అది పరిమితి వల్ల ఆగిందా, డబ్బు చాలకనా, కార్డు ఆపివున్నందునా, మన సర్వరు జవాబివ్వనందునా అన్నది రాసి ఉంటుంది. దాన్ని చదివి, అదే నిమిషంలో ఉద్యోగి ఫోనుకి పంపాలి: "హోటలు 370 డాలర్లకి అనుమతి అడిగింది. మీ పరిమితి 300. పెంచమని అడగడానికి ఇక్కడ నొక్కండి." ఆ నొక్కుడు రాత్రి పదకొండింటికి మేలుకుని ఉన్న ఎవరో ఒకరికి చేరాలి. కంపెనీ చిన్నదైతే యజమానికే చేరనివ్వండి. పైన చెప్పిన అబ్బాయికి ఈ ఒక్క సందేశం వచ్చి ఉంటే, తన కాగితాల గురించి బెంగపడే పని ఉండేది కాదు.

పగ్గం ఎంత బిగించాలి?

పగ్గం లేకపోతే ఏమవుతుందో తెలియాలంటే అమెరికా ప్రభుత్వ అనుభవమే చాలు. 2001లో శాన్ డియాగోలోని రెండు నౌకాదళ విభాగాల కొనుగోలు కార్డులని కాంగ్రెసుకి చెందిన తనిఖీ సంస్థ గావ్ పరిశీలించింది. అదుపులు బలహీనంగా ఉండటంతో మోసానికీ దుర్వినియోగానికీ తలుపులు తెరిచి ఉన్నాయని చెప్పింది. అప్పటికి చిన్న కొనుగోళ్ళ హద్దు 2,500 డాలర్లు. దాన్ని తప్పించుకోవడానికి ఒకే కొనుగోలుని ముక్కలు చెయ్యడం ఆ కాలపు నివేదికల్లో మళ్ళీ మళ్ళీ కనబడుతుంది. 2012లో కార్డుల దుర్వినియోగాన్ని అరికట్టడానికి ప్రత్యేకంగా చట్టమే చేశారు. మనకి ఇందులో పాఠం: లావాదేవీ పరిమితి ఒక్కటే పెడితే ముక్కలు చేస్తారు. దానితోపాటు నెల పరిమితీ ఉండాలి, ఒకే వ్యాపారి దగ్గర ఒకే రోజు పడ్డ ముక్కలని ఎవరో ఒకరు చూడాలి.

అలాగని బిగించుకుంటూ పోతే ఖర్చు మాయమవదు, ఉద్యోగి సొంత జేబులోకి మారుతుంది. కాలిఫోర్నియా కార్మిక చట్టం 2802వ సెక్షను ప్రకారం పని కోసం అవసరమై పెట్టిన ఖర్చుని యజమాని తిరిగి ఇవ్వాల్సిందే. అంటే కార్డు ఆపినంత మాత్రాన కంపెనీ బాధ్యత పోదు. మధ్యలో నెలరోజులపాటు ఆ బరువు మోసేది మాత్రం ఉద్యోగి. కొత్తగా వచ్చి, అప్పులు తీర్చుకుంటూ, మేనేజరుని గట్టిగా అడగడానికి మొహమాటపడే కుర్రవాడైతే అది మామూలు బరువు కాదు. పెద్ద జీతాలవాళ్ళు రూపొందించే నియమాల్లో ఈ సంగతి సులువుగా మరుగునపడిపోతుంది.

నేను పాటించే సూత్రం ఇది. మోసానికి తప్ప మరి దేనికీ పనికిరాని వాటిని – జూదం, నగదు లాంటివి – నిర్మొహమాటంగా నిషేధించాలి. మొత్తం మీద నెల పరిమితి తప్పక ఉండాలి. మిగతావన్నీ గీకనిచ్చి, తరవాత రసీదు అడిగి, తేడా ఉంటే మాట్లాడుకోవాలి. కొట్టాయన పద్దు రాసేవాడు, నెలాఖరుకి నాన్నగారు చూసేవారు, ఏదైనా తేడా ఉంటే ఇంట్లో అడిగేవారు. పిల్లవాణ్ణి కొట్టు ముందు నిలబెట్టి, పదిమందిలో అడిగేవారు కాదు.

మీరు ఇలాంటి వ్యవస్థ మొదలుపెడుతుంటే ముందు పరీక్షా వాతావరణంలో ఐదు సన్నివేశాలు నడిపి చూడండి: పెట్రోలు హోల్డు, హోటలు హోల్డు, టిప్పు కలిసిన రెస్టారెంటు బిల్లు, ఒకేసారి వచ్చిన రెండు లావాదేవీలు, జవాబివ్వని మీ సర్వరు. ఈ ఐదింటిలో ఉద్యోగి ఫోనులో ఏం కనబడుతుందో చూసుకున్నాకే మొదటి కార్డు ఎవరి చేతికైనా ఇవ్వండి.